చిటికెడు మందు

తెలుగులో 'మందు' అనే మాట చేసేటంత విస్తారమైన కాపురం మరి యే మాటా చేయదేమో. రోగికి వైద్యుడిచ్చేది మందు. పైరుకు రైతు చల్లేది మందు. తుపాకిలో కూరేది మందు. ఎలుకలకు పెట్టేది మందు. సారా దుకాణంలో అమ్మేది సైతం నేటి వాడుకలో మందే. ఇక 'మందు పెట్టినారు' అంటే వైద్యం చేశారని ఎవరూ అర్థం చేసుకోరు. అన్నంలో ఏదో కలిపి మనిషిని వశం చేసుకొన్నారనో, ప్రాణం తీయజూచినారనో అనుకొంటారు. బ్రతికించేదానికీ చంపేదానికీ మన పూర్వులు ఒకే పేరు ఎందుకు పెట్టినారా అని ఆలోచిస్తే, ఆ రెంటికీ నడుమ ఉన్న గోడ మోతాదు ఒక్కటే నని వారు బాగుగా ఎరుగుదురని తోస్తుంది.

పాతకాలపు వైద్యుడు మందు చేతిలో పెట్టేటప్పుడు మూడు సంగతులు చెప్పక విడిచేవాడు కాడు. ఎంత తినాలి, దేనిలో కలిపి తినాలి, ఎన్నాళ్లు పథ్యముండాలి. మోతాదు, అనుపానం, పథ్యం. గురిగింజ ఎత్తు భస్మాన్ని తేనెలో రంగరించి ఇచ్చిన ఆ చేతికి చదువు ఎంత ఉన్నదో చెప్పలేము గాని, కొలత మాత్రం తెలుసును.

ఈ మాటలు నాకు ఇటీవల ఒక కోళ్ల ఫారంలో జ్ఞాపకం వచ్చినవి. ఒకప్పుడు నా తరగతిలో కూర్చున్న విద్యార్థి ఒకడు సికింద్రాబాదు దాటి మేడ్చల్ వైపు పోయే దారిలో కోళ్లు పెంచుతున్నాడు. ఒక ఆదివారం రమ్మని పిలిస్తే వెళ్లాను. రేకుల కప్పు క్రింద దాణా కలిపే చోటు ఉన్నది. నేలమీద మొక్కజొన్న రవ్వ, సోయాచెక్క పొడి కుప్పగా పోసి ఉన్నవి. ప్రక్కన రెండు సంచులు. ఒకదానిలో పసుపుపచ్చని పొడి, రెండవదానిలో లేత గోధుమరంగు పొడి. ఇరవై ఏండ్ల కుర్రవాడొకడు చొక్కా చేతులు పైకి మడిచి, ఈ సంచిలో నుండి ఒక గుప్పెడు, ఆ సంచిలో నుండి ఒక గుప్పెడు తీసి కుప్పమీద చల్లి, పారతో తిరగవేస్తున్నాడు. దుమ్ము లేచి అతని కనురెప్పల మీద, నూనూగు మీసాల మీద పచ్చగా వాలినది. పని కాగానే చేతులు నీళ్లలో ముంచి తీసి, ఆ కుప్ప ప్రక్కనే కూర్చుండి సద్ది విప్పుకొన్నాడు.

"మూతికి గుడ్డయినా కట్టుకోవద్దా నాయనా?" అన్నాను.

"ఏం గాదు సార్, దాణాల కలిపే మందే గదా!" అన్నాడు.

నా విద్యార్థి కూడ నవ్వి ఊరుకొన్నాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. 'దాణాలో కలిపే మందే గదా' అనే మాటకు సమాధానం వెదకుతూ కొన్నాళ్లు పుస్తకాలు తిరగవేశాను. ఆ రెండు సంచుల వెనుక ఉన్న కథ నేను అనుకొన్న దానికంటె పెద్దది. అందులో మొదటి సంచి కథ మన భీమవరం దాకా వస్తుంది.

ఆ పసుపుపచ్చని పొడి పేరు క్లోర్‌టెట్రాసైక్లిన్. పుట్టినప్పుడు దానికి పెట్టిన పేరు ఆరియోమైసిన్. లాటిన్ భాషలో బంగారాన్ని చెప్పే మాటనుండి వచ్చిన పేరది. రంగును బట్టి పెట్టినారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మిస్సోరీ నేలలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుండి దానిని రాబట్టి 1948లో లోకానికి వెల్లడించాడు. ఆ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమహేంద్రవరంలోను మద్రాసులోను చదివి, 1923లో అమెరికా చేరి, హార్వర్డులో చాలాకాలం పనిచేసి, 1940లో లెడర్లేకు వచ్చిన ఆ మహనీయుడు 1948 ఆగస్టులో కన్నుమూశాడు.

ఆ సంవత్సరమే డిసెంబరులో అదే ప్రయోగశాలలో ఒక వింత జరిగినది. థామస్ జూక్స్, రాబర్ట్ స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు పరిశోధకులు కోడిపిల్లలకు బి12 విటమిను చౌకగా అందించే మార్గం వెదకుతున్నారు. ఆరియోమైసిన్ తీసుకోగా మిగిలిన పిప్పిని ఎండబెట్టి మేతలో కలిపి పెట్టినారు. క్రిస్మసు పండుగనాడు జూక్స్ పిల్లలను తూచి చూచాడు. ఆ పిప్పి తిన్న పిల్లలు తక్కినవాటికంటె ఎక్కువగా పెరిగినవి. విటమిను ఒక్కటే అంత పని చేయజాలదు. పిప్పిలో మిగిలిపోయిన మందు లవలేశమే ఆ ఎదుగుదలకు కారణమని తరువాత తేలినది. 1950లో ఈ వార్త బయటికి పొక్కగానే లోకమంతటా కోళ్ల మేతలోనికి మందు నడచి వచ్చినది.

చూడండి, ఎంత విచిత్రమో! మనుష్యుల ప్రాణాలు నిలపడానికి పుట్టిన ఔషధం, ఆ పరిశోధనలకు పెద్దదిక్కైనవాడు పోయిన నాలుగు నెలలకే, పుట్టిన ఇంటిలోనే కోడికి ఎరువైనది. రోగం లేకుండా మందు తినే ఆచారం అక్కడ మొదలైనది.

రెండవ సంచి కథ మన సికింద్రాబాదుకు చుట్టరికం గలది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఇక్కడ, బేగంపేటలో, దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా క్రిమిని కనుగొన్న సంగతి మన విద్యార్థులకు తెలిసినదే. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం తెచ్చిపెట్టిన కృషిలో ఆ దినం ముఖ్యమైనది. ఆయన చూచిన క్రిమికి దాయాది ఒకటి ఉన్నది. దాని పేరు ఐమీరియా. అది మనుష్యుని జోలికి రాదు. కోడి పేగులలో కాపురముంటుంది. తడిసిన చెత్తలో, ఇరుకైన షెడ్డులో ఒక కోడి రెట్టనుండి మరొక కోడి నోటికి చేరి, పేగుల గోడలు తొలిచి, నెత్తురు విరేచనాలు పుట్టిస్తుంది. కాక్సిడియోసిస్ అని ఆ రోగానికి పేరు. వేలాది కోళ్లను ఒకే కప్పు క్రింద పెంచే రైతుకు ఇంతకు మించిన పీడకల లేదు.

దీనిని అడ్డుకోవడానికి దాణాలో కలిపే మందులలో మొనెన్సిన్ ఒకటి. లేత గోధుమరంగు పొడి అదే. ఇదికూడ నేలలోని సూక్ష్మజీవి ఇచ్చినదే. 1971లో అమెరికా ప్రభుత్వం కోళ్లకు దీనిని అనుమతించినది. ఇది చేసే పని చిత్రమైనది. సోడియం అణువులను మూటగట్టి క్రిమి శరీరపు గోడ దాటించి లోపలికి మోసుకొనిపోతుంది. ఉప్పు వెంట నీరు చేరి, క్రిమి ఉబ్బి పగిలిపోతుంది. అయితే గోడ దాటించే విద్య నేర్చిన మందుకు క్రిమి గోడ ఏదో, పెద్ద జంతువు కండ గోడ ఏదో భేదం తెలియదు. భేదం చూపవలసినది మోతాదే.

ఆ మోతాదు ఎంత? బ్రాయిలరు కోళ్లకు టన్ను దాణాలో సుమారు 100 గ్రాముల మొనెన్సిన్ సరిపోతుంది. అనగా పదివేల భాగాలలో ఒక భాగం. యాభై కిలోల దాణా బస్తాకు అయిదు గ్రాములు, ఒక చెంచాడు. ఆ మోతాదులో కోడికి మేలే జరుగుతుంది. మించితే కోడి మేత మానుతుంది, ఎదగదు. మరీ మించితే కాళ్లు పడిపోతాయి. గుర్రం సంగతి మరీ దారుణం. కోడిని చంపడానికి దాని బరువులో కిలో ఒక్కింటికి దాదాపు 200 మిల్లీగ్రాములు కావాలి. గుర్రానికి కిలోకు రెండు మూడు మిల్లీగ్రాములే ప్రాణాంతకం కాగలవు. నాలుగు వందల కిలోల గుర్రానికి ఒక గ్రాము! సరిగా కలిపిన కోళ్ల దాణా పది కిలోలలో ఉండే మందు అంతే. పెండ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పేవారు మన ఊరిలో నేటికీ ఉన్నారు. మిగిలిన కోళ్ల దాణా చౌకగా దొరికినదని తెచ్చి గుర్రానికి పెడితే, దాని గుండె కండరాలే చితికిపోతాయి.

మనుష్యుని మాట ఏమి? 2001లో బ్రెజిల్ దేశపు వైద్యులు ఒక ఉదంతం ప్రకటించారు. పశువుల కోసం చేసిన మొనెన్సిన్‌ను పదునేడేండ్ల యువకుడొకడు మ్రింగినాడు. కండరాలు కరగి, మూత్రపిండాలు పనిచేయడం మాని, చనిపోయినాడు. దుమ్ము పీల్చినంత మాత్రాన ఇంత ముప్పు వస్తుందని నేననడం లేదు. కాని కంటికి మంట, చర్మానికి దురద, ఊపిరికి ఇబ్బంది కలిగించే పొడి అది. 'దాణా మందే గదా' అని నవ్వదగినది మాత్రం కాదు.

ఇట్టి మందును దాణాలో కలపడం ఒక శాస్త్రం. వంటింటి భాషలో చెప్పవలెనంటే, గంగాళం పులుసులో చిటికెడు ఇంగువ కలిపినట్లు. ముద్దను అట్లే పడవేస్తే ఒకరి విస్తట్లో ఇంగువ, తక్కినవారి విస్తట్లో చప్పిడి పులుసు. అందుకే మందును శుద్ధరూపంలో రైతుకు అమ్మరు. పొట్టులోనో తవుడులోనో ముందుగా కలిపి పలుచన చేసి అమ్ముతారు. నూటికి పది పాళ్లు మందు ఉన్న మిశ్రమమైతే టన్నుకు ఒక కిలో పడుతుంది. ఆ కిలోను కూడ ఒక్కసారిగా కుప్పమీద వేయరాదు. మొదట పది కిలోల దాణాలో బాగుగా కలపాలి. దానిని వంద కిలోలలో. దానిని వేయి కిలోలలో. పూర్వం వైద్యుడు చెప్పిన అనుపానమంటే ఇదే. గుప్పెడు కొలత కాదు, త్రాసు ఉండాలి. ఏ పూట ఏ మందు ఎంత తూచినారో వ్రాసిపెట్టే పుస్తకం ఒకటి ఉండాలి.

కలిపేవాని సంగతి అంతకంటె ముఖ్యం. ముక్కూ నోరూ మూసే మంచి మాస్కు, చేతులకు రబ్బరు తొడుగులు, కండ్లకు అద్దాలు, నిండు చేతుల చొక్కా. ఇవి ఖరీదైన వస్తువులు కావు. గాలి ఆడే చోట, దుమ్ము లేవకుండ మెల్లగా సంచి వంపాలి. ఆ చోట తినరాదు, త్రాగరాదు, బీడీ ముట్టించరాదు. పని ముగియగానే సబ్బుతో చేతులూ ముఖమూ కడుగుకొని, ఆ బట్టలు విడిచి వేరుగా ఉతకాలి. మందు కలిపిన యంత్రాన్ని తుడిచి శుభ్రం చేయనిదే మరొక దాణా అందులో పోయరాదు. మందు కలిసిన బస్తామీద ఆ సంగతి పెద్ద అక్షరాలతో వ్రాయాలి. ఖాళీ అయిన మందు సంచులను బియ్యం పోసుకోవడానికో జొన్నలు కట్టుకోవడానికో ఇంటికి పట్టుకొనిపోరాదు. మన పల్లెలలో ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఒక మందు ఉన్నచోట మరొక మందు కలిపేముందు పశువైద్యుని అడగాలి. మొనెన్సిన్ తినే కోళ్లకు టయామ్యులిన్ అనే మరొక మందు ఇస్తే, మొదటి మందు శరీరంలో విరగక పేరుకొనిపోయి కోళ్లు కుప్పకూలుతాయి. రెండు మంచి మందులు కలిసి ఒక విషం!

ఇక మిగిలినది పథ్యం. కోడి తిన్న మందు కొంతకాలం దాని మాంసంలోను గుడ్డులోను నిలిచి ఉంటుంది. మందు మానిన తరువాత ఎన్ని దినాలకు ఆ మాంసం, ఆ గుడ్డు మనుష్యుడు తినదగునో, ఆ గడువును మందు పెట్టెమీద అచ్చువేయాలని 2012 జనవరిలో మన దేశంలో నియమం చేశారు. పరీక్షించి నిర్ణయించిన గడువు లేని మందులకు గుడ్లయితే కనీసం 7 దినాలు, కోడి మాంసమైతే కనీసం 28 దినాలు ఆగాలని అందులోనే ఉన్నది. ఈ 28 అనే అంకెను కొంచెం ఆలోచించండి. బ్రాయిలరు కోడి ఆయుర్దాయం ఆరు వారాలు. నలభై దినాల చిల్లర. అనగా అట్టి మందును రెండు వారాలు దాటిన కోడికి పెడితే, ఆ కోడి పథ్యం తీరకముందే మన విస్తట్లోకి వస్తుంది. పెట్టెమీది చిన్న అక్షరాలు చదివే ఓపిక రైతుకు లేకపోతే, ఆ పథ్యం మన పిల్లలు తప్పినట్లే.

మన పిల్లలని ఊరకే అనలేదు. 2022–23 లెక్కల ప్రకారం దేశంలో ఉత్పత్తి అయిన గుడ్లు 13,838 కోట్లు. అందులో ఆంధ్రప్రదేశానిది ప్రథమస్థానం. తెలంగాణది మూడవ స్థానం. గుడ్డు పేదవాని పౌష్టికాహారం. బడిలో మధ్యాహ్న భోజనపు పళ్లెంలో అది కనబడిననాడు పిల్లల ముఖాలు ఎట్లా వెలుగుతాయో ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. ఆ గుడ్డుమీద అనుమానం పుట్టించడం నా ఉద్దేశం కాదు. ఆ వెలుగు నిలవాలనే నా తాపత్రయం.

ఇంతకంటె పెద్ద పథ్యం ఒకటి ఉన్నది. అది ఒక ఇంటిది కాదు, సమాజమంతటిది. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానం అందుకొంటూ చేసిన ప్రసంగంలోనే హెచ్చరించాడు: చాలీచాలని మోతాదు క్రిములను చంపదు, మందును తట్టుకోవడం వాటికి నేర్పుతుంది. కోడికి రోగం లేకుండా, ఎదుగుదల కోసం దినదినమూ దాణాలో చిలకరించే యాంటీబయాటిక్ సరిగ్గా ఈ పనే చేస్తుంది. కొలిస్టిన్ కథ దీనికి ప్రత్యక్ష నిదర్శనం. మూత్రపిండాలకు చెరుపు చేస్తుందని 1970ల నాటికి వైద్యులు దానిని ప్రక్కన పెట్టినారు. తక్కిన మందులకు క్రిములు లొంగడం మానివేసిన తరువాత, గత్యంతరం లేక మరల అటక దించినారు. నేడు ఆసుపత్రి తీవ్రచికిత్సా విభాగంలో అన్నీ విఫలమైనప్పుడు వైద్యుని చేతిలో మిగిలే ఆఖరి అస్త్రాలలో అది ఒకటి. అట్టి అస్త్రాన్ని మన దేశంలో కోళ్లు బరువెక్కడానికి దాణాలో కలిపి అమ్మినారు! దానిని తట్టుకొనే శక్తి ఒక క్రిమినుండి మరొక క్రిమికి సులువుగా చేతులు మారుతున్నదని 2015లో చైనాలో కనుగొన్నారు. 2019 జూలైలో భారత ప్రభుత్వం ఆహారపు జంతువులకు, కోళ్లకు, చేపల పెంపకానికి, దాణాకు కొలిస్టిన్ అమ్మకాన్ని నిషేధించినది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండే ఎదుగుదల కోసం యాంటీబయాటిక్కులు మేతలో కలపడాన్ని మాన్పించినది.

రైతు పక్షాన కూడ ఒక మాట చెప్పాలి. దాణా ధర పెరుగుతుంది; గుడ్డు ధర అతని చేతిలో ఉండదు. ఒక రోగం వస్తే అప్పుతో కట్టిన షెడ్డు ఒక్క వారంలో శ్మశానమవుతుంది. భయం చేత మందు పోస్తాడు గాని దురాశ చేత మాత్రమే కాదు. కాని పొడిగా ఉన్న చెత్త, గాలి వెలుతురు, కోడికి తగినంత చోటు, వేళకు టీకా, శుభ్రమైన నీరు ఉంటే మందుతో పని చాలావరకు తగ్గుతుంది. మందు అవసరమైననాడు పశువైద్యుడు చెప్పినది, చెప్పినంత, చెప్పినన్నాళ్లు. తాతలనాటి మూడు మాటలే ఇవి.

నెల తరువాత మరల ఆ ఫారానికి వెళ్లాను. తెలిసినదంతా నా విద్యార్థికి చెప్పినాను. ఈసారి అతడు నవ్వలేదు. పసుపుపచ్చని సంచి సంగతి పశువైద్యుని అడిగి, రోగం లేనిదే వాడనని మానివేశాడు. గోడకు ఒక త్రాసు తగిలించాడు. కుర్రవానికి మాస్కు కొనిపెట్టినాడు. అయితే అది అతని మెడలో వ్రేలాడుతున్నది గాని ముక్కుకు చేరలేదు. "ఊపిరాడ్తలేదు సార్" అన్నాడు.

నేను అతని ప్రక్కన కూర్చుండి ఒక లెక్క అడిగాను. "టన్నుకు వంద గ్రాములైతే, నీవు కలిపే యాభై కిలోలకు ఎంత?" అతడు ఏడవ తరగతితో చదువు మానినవాడు. వ్రేళ్లు ముడిచి కాసేపు లెక్కించి, "అయిదు గ్రాములు" అన్నాడు. "నీ గుప్పెడెంతో తూచి చూడు" అన్నాను. సంచి మిశ్రమంలో పదో వంతే మందు గనుక యాభై గ్రాములు రావలసిన చోట, త్రాసులో ముల్లు ఎనభై దాటినది. మరల తీసి తూచినాడు, ఈసారి అరవై. మూడవసారి తొంభై. తన చెయ్యి తనతోనే మూడు మాటలు చెప్పేసరికి అతడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత మెడలోని మాస్కు పైకి జరుపుకొని పని మొదలు పెట్టినాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ లెక్క అయిదవ తరగతి పిల్లవాడు చేయగలడు. మన బడులలో కోళ్ల ఫారాలలో పనిచేసే ఇండ్ల పిల్లలు ఎందరో ఉన్నారు. వంద గ్రాములు, వేయి కిలోలు, యాభై కిలోలు అని నల్లబల్లమీద వ్రాసి, ఆ లెక్క ఒక్కసారి వారిచేత చేయించండి. ఆ సాయంకాలం అది వారి ఇంటికి వెళ్లి, త్రాసు దగ్గర నిలబడుతుంది.